గూని పాదిరి మీద మంచు

తెల్లవారకముందే లేవడం ఆర్డిత్‌కి ఎప్పుడో అలవాటైపోయింది గానీ, లేచిన ప్రతిసారీ విసుక్కోవడం మాత్రం మానలేదు. ట్రక్కు వెనక బిగించిన డబ్బాలాంటి గదిలో పరుపు అంచున కూర్చుని, మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుంటూ, చేత్తో కిటికీ అద్దం తుడిచి బయటికి చూసింది. రాత్రంతా కురిసిన మంచు ఇప్పుడు ఆగింది. తూర్పున మబ్బు కింద సన్నటి సందు కనిపిస్తోంది.

“హోలిస్, లే. పడింది.”

దుప్పట్ల కుప్పలోంచి మొగుడి గొంతు వచ్చింది. “ఎంత?”

“పాదిరి భుజాలకి సరిపోయేంత. ముందు లే, కొలతలు తర్వాత.”

ఆయన లేవబోయి మోకాలు పట్టుకుని మూలిగాడు. ఆర్డిత్ బూట్లు ఆయన ముందుకి తోసి, స్టవ్ మీద కాఫీ పెట్టింది. డెబ్బై దాటిన మనిషి, కాలు సరిగ్గా మడవలేని మనిషి, ఈ చలిలో ఒక రాయిని చూడ్డానికి లేస్తున్నాడు. ఆయన్ని అని ఏం లాభం, లేపింది తనే కదా!

గూని పాదిరి అంటే యూటా కొండల మధ్య నిలబడ్డ ఎర్రటి ఇసుకరాతి స్తంభం. తల వంచి ప్రార్థన చేసుకుంటున్న ముసలి పాదిరిలా ఉంటుందని ఆ పేరు. వేసవిలో దారిన పోయే ప్రతివాడూ దాన్ని ఫోటో తీసుకునిపోతాడు. హోలిస్‌కి అది కాదు కావలసింది. పాదిరి భుజాల మీద కొత్త మంచు ఉండాలి, వెనక నల్లటి మబ్బు ఉండాలి, ముఖం మీద అప్పుడే పుట్టిన ఎండ పడాలి. మంచు ఉంటే ఎండ రాదు. ఎండ వస్తే మబ్బు ఉండదు. మూడూ కలిసొచ్చేలోగా మంచు కాస్తా జారి కింద పడుతుంది. పదేళ్ళకు పైగా ప్రతి శీతాకాలమూ వస్తూనే ఉన్నారు, ఆ మూడూ ఒక్కచోట కలిసిన పాపాన పోలేదు.

అంతకుముందు వేరే రాళ్ళు, వేరే లోయలు. ఎల్లోస్టోన్‌లో ఆవిర్లు, కాలిఫోర్నియాలో పొగమంచులో చెట్లు, డకోటాలో మట్టి గుట్టలు. పెళ్ళైన కొత్తలో ఆర్డిత్‌కి అదంతా సరదాగానే ఉండేది. ఆకాశం కింద పడుకుని మొగుడితో కబుర్లు చెప్పుకోవడం ఎవరికి చేదు? తర్వాత తర్వాత కబుర్లు తగ్గాయి, సామాను పెరిగింది. హోలిస్ ఫోటోలు పుస్తకాలుగా వచ్చాయి. ఒకదాంట్లో చివరి పేజీలో, చిన్నక్షరాల్లో, ‘నా భార్య ఓర్పుకి కృతజ్ఞతలు’ అని వేశారు. ఓర్పట! ఆ సామానంతా మోసిన తన భుజాల సంగతి ఎవరూ రాయలేదు.

పోయిన నవంబరులో, థాంక్స్ గివింగ్ పండక్కి కోర్టెజ్ ఊళ్ళో ఉన్న ఆర్డిత్ అక్క లొరేన్ ఇంటికి వెళ్ళారు. లొరేన్ భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. ఇంట్లో ఖాళీ గది ఉంది, ఆ గదికి సొంత బాత్రూము ఉంది, అందులో మనిషి మునిగేంత తెల్లటి తొట్టి ఉంది. ఆర్డిత్ వేడినీళ్ళలో దిగి, నీళ్ళు చల్లారేదాకా బయటికి రాలేదు. వచ్చాక ఎర్రబడ్డ మొహంతో డైనింగ్ టేబుల్ దగ్గరే చెప్పేసింది, ఇక తన వల్ల కాదని. హోలిస్ నోటినిండా గుమ్మడికాయ మిఠాయి పెట్టుకుని ఆలోచించాడు.

“పాదిరి ఫోటో ఒక్కటి పడనీ, ఆర్డీ. ఆ రోజే ట్రక్కు అమ్మేస్తా. ఈ ఊళ్ళోనే ఉందాం.”

“నేను విన్నాను సుమా!” అంది లొరేన్. “రేపు మాట మారిస్తే ఊరంతా చాటింపేస్తా.”

ఆ మాట పట్టుకునే ఆర్డిత్ ఈసారి బయల్దేరింది. పాదిరి మీద ఎండ పడాలని హోలిస్ ఎంత కోరుకుంటున్నాడో, అంతకు పదింతలు తను కోరుకుంటోంది.

కాలిబాట మొదట్లో పార్కు ఉద్యోగిని టీనా బెగే పారతో మంచు పక్కకి నెడుతోంది. వీళ్ళని చూసి పార మీద వాలి నిలబడింది.

“మళ్ళీ వచ్చారా పెద్దాయనా! ఏటా ఆ పాదిరి గుమ్మం ముందు పడిగాపులు పడతారు. మా ఇంటి ముందు ఎవడైనా ఇలా తిరిగుంటే మా నాన్న కర్ర పుచ్చుకునేవాడు.”

“మీ నాన్నని పంపమ్మా, ఆ రాయిని కాస్త నిటారుగా నిలబెడతాడు,” అన్నాడు హోలిస్ హుషారుగా.

టీనా నవ్వి ఆర్డిత్ వైపు చూసింది. కెమెరా సంచీ వీపున, ముక్కాలి స్టాండు భుజాన, నీళ్ళ సీసా నడుముకి. “ఆ సంచీ ఇటివ్వండి ఆంటీ, మలుపు దాకా నేను తెస్తాను.”

“వద్దులే, ఆర్డీకి అలవాటే,” అన్నాడు హోలిస్, కర్ర ఊతంగా ముందుకి నడుస్తూ.

ఆర్డిత్ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. టీనా మింగలేదు. “అలవాటు సంచీకి కాబోలు,” అని పారతో ఇంకో పెళ్ళ మంచు గట్టిగా విసిరింది.

ఎక్కేసరికి ఆకాశం బూడిదరంగు తిరిగింది. పాదిరి భుజాల మీద మంచు దట్టంగా ఉంది. వెనక మబ్బు నల్లగా, నిండుగా ఉంది. ఇక ఎండ ఒక్కటే తరువాయి. ఆర్డిత్ స్టాండు పాతింది, చెక్క కెమెరా దాని మీద బిగించింది. హోలిస్ నల్లగుడ్డ నెత్తి మీద కప్పుకుని, వెనక అద్దంలో తలకిందులుగా పడ్డ పాదిరిని సరిచూసుకున్నాడు.

ఆ కెమెరాలో ఫిల్ము చుట్ట ఉండదు. పుస్తకమంత హోల్డరులో ఒక్కటే ఫిల్ము, దానికి వెలుతురు తగలకుండా ఒక జారుడు మూత. మూత అంచు ఒకవైపు తెలుపు, రెండోవైపు నలుపు. తెలుపు కనిపిస్తే లోపల ఉన్నది కొత్త ఫిల్ము, నలుపు కనిపిస్తే ఫోటో తీసేసినది. మూత లాగడం, ఫోటో అయ్యాక దాన్ని తిప్పి నలుపు బయటికి వచ్చేలా దూర్చడం ఆర్డిత్ పని. బొత్తాం నొక్కడం హోలిస్ పని. ఇన్నేళ్ళలో ఎవరి పని వాళ్ళదే.

ఎండ వచ్చింది. మబ్బు సందులోంచి సన్నగా వచ్చి పాదిరి చెంప మీద పడింది.

“హోల్డరు!”

ఆర్డిత్ సంచీలోంచి పైన ఉన్న తెల్లంచు హోల్డరు తీసి ఇచ్చింది, మూత లాగింది. హోలిస్ ఊపిరి బిగబట్టి నొక్కాడు. అంతే. క్లిక్కుమన్న చిన్న చప్పుడు. ఎండ మళ్ళీ మబ్బులోకి పోయింది.

“ఇంకోటి తీద్దామా?” అంది ఆర్డిత్, మూత తిప్పి దూరుస్తూ.

“రెండోది తీసేవాడికి మొదటిదాని మీద నమ్మకం లేనట్టే.” ఇది ఆయన ఎప్పుడూ చెప్పే మాటే. ఎప్పుడూ చెప్పేటప్పుడు కళ్ళల్లో నీళ్ళుండవు, ఇప్పుడున్నాయి. “పడింది, ఆర్డీ. నాకు తెలుసు. పడింది.”

ఆయన ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి, టీనాకి చెప్పాలంటూ కర్ర టకటకలాడించుకుంటూ దిగిపోయాడు. సర్దడం ఎలాగూ ఆర్డిత్ వంతే. ఆమె కాసేపు రాతి మీద కూలబడింది. అయిపోయిందన్న మాట. ట్రక్కు, చలి, డబ్బాలోంచి వేడి చేసుకు తినే చిక్కుళ్ళు, అన్నీ అయిపోయాయన్న మాట. సంతోషం వస్తుందని చూసింది. నిద్ర వచ్చింది.

లేచి హోల్డర్లు వరసగా సంచీలో పెడుతుంటే చెయ్యి ఆగింది. నల్లంచు ఉన్నది ఒక్కటే. నిన్న సాయంత్రం ఎండిపోయిన జూనిపర్ చెట్టుని తీశాడు, ఇప్పుడు పాదిరిని తీశాడు. రెండుండాలి. సంచీ అంతా కెలికింది. జేబులు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది: నిన్న సాయంత్రం ఈదురుగాలి, కొయ్యబారిన వేళ్ళు, లొరేన్ ఇంట్లో వేడినీళ్ళ మీద ఉన్న మనసు. మూత లాగినట్టే మళ్ళీ దూర్చేసింది. తిప్పలేదు.

“అయ్యో, నా తల్లీ!” అంది పైకే. నిన్న అన్నిటికీ పైన పెట్టిన ఆ హోల్డరే పొద్దున తీసిచ్చింది; చెట్టూ పాదిరీ ఒకే ఫిల్ము మీద పడ్డాయి. కడిగితే పాదిరి మొహంలోంచి కొమ్మలు మొలిచి ఉంటాయి. ఎవరో చేసిన తప్పు కాదు, అచ్చంగా తన చేతి తప్పు. ఏడుపొచ్చింది. ఏడిస్తే రెప్పలు గడ్డకట్టే చలి అది.

అప్పుడే చుట్టూ వెలుగు మారింది. మబ్బు ఇందాకటి కంటే వెడల్పుగా విడిపోయి, పాదిరి పాదాల నుంచి నడినెత్తి దాకా ఒక్కసారిగా ఎర్రబారాడు. భుజాల మీద మంచు గులాబీ రంగు తిరిగింది.

“హోలిస్! హోలిస్!”

గాలి ఎదురు. కింద మలుపులో ఆయన టోపీ అటు తిరిగి చకచకా పోతోంది. పిలిచి వెనక్కి రప్పించేలోగా ఎండ పోతుంది. కెమెరా ఇంకా స్టాండు మీదే ఉంది, చూపు కుదిర్చే ఉంది. ఆర్డిత్ కొత్త హోల్డరు దూర్చింది. వెలుతురు ఎక్కువుంది కాబట్టి షట్టరు వేగం పెంచింది. ఇన్నేళ్ళు పక్కన నిలబడి ఊరికే చూసిందా? మూత లాగింది, నొక్కింది. వెంటనే ఇంకో హోల్డరు పెట్టి మళ్ళీ నొక్కింది. నమ్మకం సంగతి ఆయన చూసుకుంటాడు, ఆమెకి ఫోటో కావాలి. మూతలు రెండుసార్లూ తిప్పి, తిప్పానా లేదా అని మూడోసారి చూసుకుంది. పాదిరి భుజం మీంచి మంచు పెళ్ళ జారి కింద పడింది.

ఆమె దిగి వచ్చేసరికి హోలిస్ ట్రక్కులో కూర్చుని, పేపరు పొట్లంలోంచి వేరుశనగ బిస్కట్లు తింటున్నాడు. ఎప్పటిలా ఆర్డిత్ తోలడానికి ఎక్కింది. పార్కు గేటు దాటేదాకా ఆయన నోరు మూతపడలేదు. ఆ ఫోటో ఎంత పెద్దది వేయించాలి, లొరేన్ ఇంట్లో ఏ గోడకి పెట్టాలి, ట్రక్కు ఎవరు కొంటారు. ఆయన అంత సంతోషంగా ఉండి ఎన్నేళ్ళయిందో! ఆర్డిత్‌కి ఆయన మీద పాత ప్రేమంతా పొంగుకొచ్చింది. దాంతోపాటే ఒక ఆలోచనా వచ్చింది.

చెప్పకపోతే సరి. పాడైన హోల్డరు మూత ఒక్కసారి ఎండలో లాగితే అందులో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. తను తీసినవాటిలో ఒకటి ఆయన చేతిలో పెడితే సరిపోతుంది. హోల్డర్లు నింపేదీ తనే, లెక్క చూసేదీ తనే. జన్మలో కనిపెట్టలేడు. ఫోటో కింద ఆయన పేరు, గోడ మీద ఫోటో, తనకి వేడినీళ్ళు. అందరూ సుఖంగా ఉంటారు.

దారి పొడుగునా అదే నమిలింది. ఇన్నాళ్ళు మోసినవాటికి తోడు ఇది కూడానా? పొద్దున లేచింది మొదలు ఆయన ఆ ఫోటో ముందు నిలబడి ‘నమ్మకం ఉండాలి, ఆర్డీ’ అంటుంటే, నవ్వుతూ వింటూ, చచ్చేదాకా దీన్ని కూడా మోయాలా? ఆమె వల్ల కాదు. నిజం మీద మమకారం కాదు, ఒంట్లో ఓపిక లేదు, అంతే.

“హోలిస్, నువ్వు తీసిన ఫిల్ము పాడైంది.”

ఆయన నమలడం ఆపాడు.

“నిన్న చెట్టు తీశాక మూత తిప్పలేదు నేను. అదే హోల్డరు పొద్దున నీకిచ్చాను. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.”

“తిప్పలేదా? నువ్వా?”

“నేనే. వేళ్ళు వంగలేదు. క్షమించు. నువ్వు దిగిపోయాక ఎండ మళ్ళీ వచ్చింది. అరిచాను, నీకు వినపడలేదు. నేనే తీశాను.”

హోలిస్ చేతిలో ఉన్న బిస్కట్టు ముక్క తిరిగి పొట్లంలో పెట్టేశాడు.

“ఎండ ఎలా ఉంది?” అన్నాడు చివరికి.

మెత్తగా చెప్పొచ్చు. చెప్పలేదు. “నీకు దొరికినదానికంటే బాగుంది.”

హోలిస్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన మొహం ఉన్నట్టుండి ముడుచుకుపోయింది. “మంచి ఫోటోనే అయ్యుంటుంది. నీకు పని తెలుసు.” మళ్ళీ కాసేపటికి, “కానీ అది నాది కాదు కదా, ఆర్డీ.”

“కాదు.”

“అంటే పాదిరి నాకింకా పడనట్టే.” ఆయన అప్పుడే గొంతులోకి ఉత్సాహం కూడదీసుకుంటున్నాడు. “వచ్చే ఏడాది కాస్త ముందే వద్దాం. డిసెంబరు మొదట్లోనే వచ్చి—”

అప్పుడు తెలిసింది ఆర్డిత్‌కి. ఈ ఒక్కటి పడినా, దీని తర్వాత ఇంకోటి ఉండేదే. లొరేన్ సాక్ష్యం ఎందుకూ పనికొచ్చేది కాదు.

“నేను రాను, హోలిస్.”

“ఏంటి?”

“రాను. లొరేన్ ఇంటి దగ్గర దిగిపోతాను. ట్రక్కు ఉంచుకుంటావో, అమ్ముకుంటావో నీ ఇష్టం.”

ఆయన నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడివేసి, దారి గురించో వాతావరణం గురించో ఆలోచించినట్టు. “మరి సంచీ ఎవరు మోస్తారు?”

తనకి కోపం వస్తుందనుకుంది. కోపానికి కూడా కాస్త సత్తువ కావాలి కదా! రాలేదు. ఆయన మీద జాలేసింది, తన మీద అంతకంటే ఎక్కువ జాలేసింది.

“ఆ మాట ముప్పై ఏళ్ళ కింద అడగాల్సింది,” అంది.

కోర్టెజ్ పొలిమేర కనిపించింది. ఒళ్ళో ఉన్న బిస్కట్ల పొట్లాన్ని హోలిస్ మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

“ఈ మోకాలితో నేను క్లచ్చి తొక్కలేను, ఆర్డీ,” అన్నాడు చిన్నగా. “నాకై నేను ఎక్కడికీ పోలేను.”

“తెలుసు,” అని ఆమె లొరేన్ వీధిలోకి తిప్పింది.