కడిగినా పోని పూత

మా బాబాయికి కోపం వస్తే పళ్లు నూరే యోగం లేదు. పైవరుసలో ముందు పన్ను ఊడిపోయింది. ఇంకెవరికైనా అయితే నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటే సరిపోయేది. బాబాయి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. పెదవి వెనక గట్టి పన్ను లేకపోతే స్వరం నిలవదు. ఆయన కుర్చీలో అప్పుడే ఇంకొకడు కూర్చున్నాడు. వచ్చే కచేరీల నాటికి గట్టి పన్ను పెట్టించుకుంటే కుర్చీ నీదే, లేకపోతే లేదు అని బ్యాండు మాస్టరు ముఖం మీదే చెప్పాడు.

అంతకుముందు, కొత్త పన్ను నిలబెట్టడానికి వేరులా దవడలో టైటానియం స్క్రూ ఒకటి వేయించుకున్నాడు. అది వదులై ఊడివచ్చింది. ఎముక దాన్ని చుట్టపుచూపుగా వచ్చినవాడిలా చూసింది. మర్యాద చేసింది గానీ ఇంట్లో కలుపుకోలేదు.

అలాంటి స్క్రూలకు ప్రోటీన్ పూత వేయడమే నా ఉద్యోగం. ఈ పనిలో నన్ను మించినవాళ్లు లేరని నేనే అంటాను. ఇంకొకళ్లు అనేదాకా ఆగే ఓపిక నాకు లేదు.

"ఒంట్లోకి లోహం వెళ్లగానే రక్తంలో ఉన్న నానా ప్రోటీన్లూ ఎగబడి దాని మీద కూర్చుంటాయి బాబాయ్. ఎముక కణాలు వచ్చేసరికి చోటుండదు. అందుకని వాటికి నచ్చే ప్రోటీన్ నేను ముందే పరిచిపెడతాను. బస్సులో రుమాలు వేసి సీటు ఆపినట్టు."

"నీ రుమాలు ఎగిరిపోతే?" అంది పిన్ని.

"ఎగరదు పిన్నీ. కుట్టేస్తాను."

ఆ పూత స్క్రూలకు అనుమతి వచ్చాక బాబాయి పేరు రాయించాను. ఆపరేషన్ రోజు మాస్కు కట్టుకుని నేనూ ఆ గదిలోనే నిలబడ్డాను. డాక్టరుగారికి శుభ్రం పిచ్చి. పెన్ను మూత కూడా తుడిచిగానీ పెట్టరు. సీసాలోంచి తీసిన స్క్రూ కాస్త జిగటగా కనబడేసరికి, చేతి అలవాటు కొద్దీ సిరంజితో సెలైన్ కొట్టి శుభ్రంగా కడిగేశారు. కడిగాక గుర్తొచ్చింది.

"అయ్యో! పూత పోయింది మేడమ్. ఇవాళ్టికి మూసేద్దాం. ఇంకోటి తెప్పించి మళ్లీ తెరుద్దాం."

మళ్లీ అంటే ఈ గాయం మానాక. అప్పటికి కచేరీలూ అయిపోతాయి, కుర్చీ కూడా పోతుంది. మత్తు దవడ వరకే ఇచ్చారు కాబట్టి బాబాయి అంతా వింటున్నాడు. నోరు తెరిచి ఉంది, మాట రాదు. కళ్లు మాత్రం నా మీదే పెట్టాడు.

మా దగ్గర తయారయ్యే ప్రతి విడతలో ఒక స్క్రూ తీసి, ఇలాగే కడిగి, రంగు వేసి, పూత మిగిలిందో లేదో చూడటం నా పనిలో భాగం.

"పెట్టేయండి," అన్నాను.

"ఖాయమేనా?"

"నీళ్లకు పోయేదాన్ని పూత అనరు డాక్టరుగారూ, మురికి అంటారు."

పెట్టేశారు.

ఆ తర్వాత నెలలపాటు నాకు భయం వేయలేదంటే నమ్మకండి. బాబాయి ముందు ధీమాగానే తిరిగాను. ఆయన అన్నం నములుతుంటే మాత్రం నా ముద్ద కంచంలోనే వదిలి ఆయన దవడే చూసేదాన్ని. పిన్ని ట్రంపెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది.

స్క్రూ మీద పన్ను తొడుగు బిగించే రోజు ముగ్గురం వెళ్లాం. డాక్టరుగారు నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం పిడితో స్క్రూ మీద తట్టారు. మొదటి స్క్రూను తట్టినప్పుడు తడి చెక్క మీద కొట్టినట్టు మొద్దు శబ్దం వచ్చింది. ఇప్పుడు ఖంగుమంది.

బాబాయి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఇంకోసారి."

మళ్లీ ఖంగుమంది. ఎముక పట్టు కొలిచే పరికరం పెట్టి చూసి డాక్టరుగారు కూడా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఏమే, ఇంటికెళ్లగానే బీరువా తాళం తియ్యాలి," అన్నాడు బాబాయి.

పిన్ని ఒళ్లో ఉన్న సంచి తెరిచింది. అందులో ట్రంపెట్ ఉంది, తళతళా తుడిచి.

"పొద్దున్నే తీశాను. పిల్ల కుట్టానంది కదా," అంది.