మంగళవారం నెత్తురు

ఎడమ కాలు తుడిచి, వేళ్ల సందులు ఆరబెట్టి, లింబాద్రి కుడి కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. ఎనభై ఏడేళ్ల కాలు. పిక్క ఎప్పుడో కరిగిపోయింది, ఎముక మీద చర్మం వదులుగా జారుతోంది. నెల మొదటి మంగళవారం నాడు మాత్రం పాదాలు పొంగి నున్నగా అయ్యేవి. లింబాద్రి కంటికి ఆ రోజే అవి ఆరోగ్యంగా కనిపించేవి.

"యల్లా బాబా, ఇటు" అంటూ ముసలాయన్ని పక్కకు తిప్పాడు. మంచం మీది మనిషిని తిప్పడంలో లింబాద్రికి సాటి వచ్చేవాడు లేడు. తనకూ యాభై తొమ్మిదేళ్లు, తనకూ నడుం నొప్పి. అయినా ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టాడంటే ముసలాయనకు నిద్ర కూడా చెదరదు. అది బస్తాలు మోసి పట్టుబడిన ఒడుపు. భీంగల్ పక్క పల్లె నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి ఆరేళ్లు మీనా సల్మాన్ రేవు గోదాముల్లో మోత మోశాడు. గుదైబియాలో పన్నెండు మంది ఉన్న గదిలో గోడవారన పడుకున్నాడు. ఆ తర్వాత బుదైయాలో ఈ ముసలాయన తోటలో పని. ఇరవై ఒక్కేళ్లయింది.

తోట ఇప్పుడు పేరుకే తోట. జత్ గడ్డి, పుదీనా, ముల్లంగి పండిన మడులన్నీ విల్లాలయ్యాయి. పని లేని పనివాణ్ని పంపేస్తారు కదా, ముసలాయన పంపలేదు. ఏడు ఖర్జూరం చెట్లు, ఒక పాత బావి గది, లింబాద్రి, ఇవి నా వంతు అని కొడుకులతో చెప్పి మిగుల్చుకున్నాడు. లింబాద్రి అనే పేరు నోరు తిరక్క మొదటి రోజే "బద్ర్" చేసేశాడు. ఆ సంగతి ఫోనులో విని గంగామణి నవ్వలేక చచ్చింది. పేరెట్లా మార్చినా మొగుణ్ని మార్చకపోతే చాలునంది.

లింబాద్రి మూత్రం సీసా ఎత్తి కిటికీ వెలుగులో చూశాడు. అడుగు కూడా నిండలేదు. రంగు పాలు లేని సులేమానీ చాయలా ఉంది. వారం రోజులుగా ఇంతే. తిండి సగమైంది, నిద్ర రెట్టింపైంది. నిన్న తనను పట్టుకుని, చచ్చిపోయిన తమ్ముడి పేరు పెట్టి పిలిచాడు. జ్వరమా, లేదు. దగ్గా, లేదు.

'ఇయ్యాల్టి సంది మొదలు పెడ్త. ఎల్లుండికి సక్కగయితడు' అనుకున్నాడు లింబాద్రి.

వంటింట్లోకి వెళ్లి స్టీలు గిన్నెలో గుప్పెడు బార్లీ గింజలు పోసి, నీళ్లు పోసి, మూత పెట్టాడు. రెండు బీట్‌రూట్లు కడిగి పక్కన ఉంచాడు. పొద్దుటి మందుల్లోంచి రెండు నీళ్ల గోళీలు, అంటే ఒంట్లో నీరు లాగేసే మాత్రలు, తీసి విడిగా పెట్టాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు హారను వినబడింది.

ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ల రక్తం తీసుకుపోయే నర్సు సత్యదుర్గ. పిఠాపురం పిల్ల, నీలం యూనిఫారం, చేతిలో ఐసు పెట్టె. ఆమెను చూడగానే లింబాద్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, ఇయ్యాల్నే అచ్చినవ్? ఇయ్యాల ఐతారమాయె."

"మంగళవారం సెలవు బాబాయ్. ఈ నెలవన్నీ ముందే తీసేస్తున్నాం. ఎలా ఉన్నారు పెద్దాయన?"

"మంచిగనే ఉన్నడు. గని ఇయ్యాల అద్దు. బుధారం రా."

"బుధవారం నాకిటు డ్యూటీ లేదండీ. ఏం, ఏమైంది?"

"ఇంక తయారు గాలే."

"తయారవ్వడమేంటి, పెళ్లిచూపులా?" అని నవ్వుతూ లోపలికి నడిచింది. మంచం దగ్గరికి వెళ్లాక ఆ నవ్వు లేదు. ఒంట్లో నీరు తగ్గిందేమోనని చేతి మీద చర్మం లాగి చూడలేదామె. ముసలివాళ్లలో అది ఎప్పుడూ అలాగే నిలబడుతుంది, దానితో తేలేదేమీ లేదు. నోరు తెరిపించి నాలుక చూసింది. చంకలో వేళ్లు పెట్టి తడి ఉందేమో చూసింది. సీసా చూపించమంది. చూసి, పాత కాగితాలు అడిగింది.

లింబాద్రి బిస్కెట్ డబ్బా తెచ్చాడు. ఏడు నెలల రిపోర్టులు, ఏడు కాగితాలు, ఒకదాని మీద ఒకటి. ఇంగ్లీషు రాకపోయినా లింబాద్రికి వాటిని చదవడం వచ్చు. అంకె పక్కన నక్షత్రం గుర్తు పడితే చెడ్డది, పడకపోతే మంచిది. ఏడు కాగితాల్లోనూ ఒక్క నక్షత్రం లేదు. పిల్లవాడి మార్కుల కాగితం చూపే తండ్రిలా చూపించాడు.

"అదే నాకు అర్థం కావట్లేదు బాబాయ్. కాగితంలో ఈయన పెళ్లికొడుకులా ఉన్నారు. మంచంలో చూస్తే ఇలా ఉన్నారు. అసలేం తయారు చేస్తారు మీరు?"

లింబాద్రికి కాస్త గర్వంగానే అనిపించింది. ఇన్ని నెలలూ ఎవరికీ చెప్పని ఉపాయం, అడిగే మనిషి ఇప్పటికి దొరికింది.

"ఐతారం సంది నీళ్ల గోళి బంద్ వెడ్త. బార్లీ నీళ్లు గంటగంటకు తాపుత. బీట్‌రూట్ పిండి రసం తాపుత. మంగళారం నువ్వు అచ్చేటాల్లకు నెత్తురు శుభ్రంగైతది. మా మెడికల్‌కు మేం గట్లనే జేస్తుంటిమి."

సత్యదుర్గ స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఆ మెడికల్ సంగతి ఆ పిల్లకేం తెలుసు! దుబాయి పోదామనుకున్నవాడికి బొంబాయిలో నెత్తురు తీసి, ఫొటో తీసి, కాగితం మీద ఒక ముద్ర వేస్తారు. ఫిట్ అంటే మనిషి. అన్‌ఫిట్ అంటే ఇంతే సంగతులు. లింబాద్రి పెద్దమ్మ కొడుకు పోశన్నకు ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందని అన్‌ఫిట్ కొట్టారు. ఊళ్లో పగలు బస్సు దిగడానికి సిగ్గుపడి, పక్క ఊళ్లో దిగి, చీకటి పడ్డాక పొలాల వెంట నడిచి ఇంటికొచ్చాడు. చచ్చేదాకా ఊరు అతన్ని అన్‌ఫిట్ పోశన్న అనే పిలిచింది. అది చూసిన లింబాద్రి పక్షం రోజుల ముందే కల్లు మానేసి, బీడీ మానేసి, బార్లీ నీళ్లు తాగి తాగి ఫిట్ అనిపించుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు నెత్తురిచ్చినా అదే పద్ధతి. నెత్తురు పరీక్ష అంటే నెగ్గాల్సినదే తప్ప మరొకటి కూడా కావచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు.

పైగా ముసలాయనకు మాట ఇచ్చాడు. ఏడు నెలల కింద కాళ్లు వాచి, ఆయాసం వచ్చి, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. గొట్టాలు పీకేస్తున్నాడని రెండు చేతులూ మంచం కమ్మీలకు మెత్తటి గుడ్డతో కట్టేశారు. ఖర్జూరం చెట్టెక్కి లింబాద్రికి చెట్టెక్కడం నేర్పిన చేతులు అవి. "బద్ర్, నన్ను మళ్లీ ఇక్కడికి రానివ్వకు" అని ఏడ్చాడు. రానివ్వనని లింబాద్రి తల మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. కాగితం బాగుంటే ఆసుపత్రి అక్కర్లేదు. కాగితాన్ని బాగుంచడం తన చేతిలో పని.

"బాబాయ్, నాకేసి చూడండి" అంది సత్యదుర్గ. గొంతులో కోపం లేదు, అందుకే లింబాద్రికి భయం వేసింది. "మందు వేసుకుంటున్న మనిషి ఎలా ఉన్నాడో తెలియడానికే రక్తం తీస్తాం. మీరు మందాపేసి, నీళ్లు పట్టించి ఇచ్చారు. కిడ్నీలు బాగున్నాయంది కాగితం. ఆ నీళ్లకి కాళ్లు వాచాయి. వాచాయని నేనే రాశాను. ఆ రెండూ చూసి డాక్టరుగారు ఒక గోళీని రెండు చేశారు. మరి మిగతా నెలంతా ఆ రెండూ..."

"ఏశిన" అన్నాడు లింబాద్రి. "ఒక్క పూట తప్పలే."

అన్నాక ఆ మాట తన చెవులకే వేరుగా వినిపించింది. ఎండిపోతున్న మనిషిలోంచి ఇంకా నీళ్లు లాగుతూ వచ్చాడు తను, రోజూ, వేళ తప్పకుండా, చెంచాలో పెట్టి బతిమాలి. మంచం కోడు పట్టుకున్నాడు.

"మరి నాకెవలు జెప్పిండ్రు బిడ్డా?"

"ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏడు నెలల నుంచి వస్తున్నాను, ఇంత చిక్కిపోయిన మనిషికి అంత మంచి కాగితమేంటని ఒక్కసారీ అడగలేదు."

ఆ చేతిలో నరం దొరకడానికి మూడుసార్లు పొడవాల్సి వచ్చింది. ముసలాయన మూలగలేదు, అది ఇద్దరికీ నచ్చలేదు. గొట్టంలోకి నెత్తురు నల్లగా, నిదానంగా దిగింది. గోళీలు ఇక వెయ్యొద్దని, నిద్రమత్తులో నీళ్లు పొయ్యొద్దని, పెదాలు మాత్రం తడుపుతూ ఉండమని చెప్పింది. డాక్టరుకు ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"డాక్టరుగారికి నేను చెప్పాను. వాళ్లబ్బాయికి మాత్రం మీ నోటితో మీరే చెప్పండి బాబాయ్. నేను చెబితే మీమీద నేరం చెప్పినట్టు ఉంటుంది."

ఆ పూట లింబాద్రి అక్కణ్నుంచి కదల్లేదు. తడి దూదితో పెదాలు అద్దుతూ కూర్చున్నాడు. బయట ఎండకు ఏడు చెట్లూ కదలకుండా నిలబడి ఉన్నాయి. మధ్యలో ఒకసారి ముసలాయన కళ్లు తెరిచాడు. ఆ చూపు శుభ్రంగా ఉంది.

"బద్ర్, చెట్లకు నీళ్లు వదిలావా?"

బావి ఎండి పద్నాలుగేళ్లయింది. ట్యాంకరొచ్చి పోస్తుంది.

"వదిలిన బాబా" అన్నాడు లింబాద్రి. ముసలాయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. ఈ మనిషికి నచ్చే జవాబే ఇవ్వడం తనకు అలవాటైపోయిందని, ప్రాణం మీదికి తెచ్చింది ఆ అలవాటేనని లింబాద్రికి తెలిసి ఏడుపొచ్చింది.

ఒంటిగంటకు సత్యదుర్గ ఫోను చేసింది. "కిడ్నీ అంకె పోయిన నెల ఒకటి లోపు బాబాయ్. ఇవాళ మూడు దాటింది. ఉప్పు పడిపోయింది. అంబులెన్సు బయల్దేరింది. వాళ్లబ్బాయికీ ఆ మాటే చెప్పారు, మిగతాది మీరే చెప్పండి."

"నచ్చత్రాలు పడ్డయా?"

"పడ్డాయి. నాలుగు."

కొడుకు ఫైసల్ పరుగున వచ్చాడు. వెనకే అంబులెన్సు. వచ్చినవాళ్లు ముసలాయన్ని ఎత్తబోతే లింబాద్రి అడ్డం వెళ్లి తనే ఎత్తాడు. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి. ఎప్పటికంటే తేలిగ్గా ఉన్నాడు. దించుతుంటే ఆయన వేళ్లు తన చొక్కా గుండీ పట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది. మాట తప్పుతున్నానని చెప్పుకోవడానికి ఏ భాషలోనూ మాట దొరకలేదు.

"అర్బాబ్, ఒక సంగతి చెప్పాలి. మందు... నేను..." యజమానిని పిలిచే మాటతో మొదలుపెట్టి, తనకొచ్చిన అరబ్బీ, హిందీ కలిపి అందుకున్నాడు.

"బాదెన్, బద్ర్, బాదెన్" అన్నాడు ఫైసల్. తర్వాత, తర్వాత. బండిలో ఒక్కరికే చోటు. తలుపులు పడ్డాయి.

లింబాద్రి దుప్పట్లు మార్చాడు. సీసా కడిగాడు. రెండుసార్లు ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చాడు. గంగామణి ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రం మగ్రిబ్ బాంగు అయిపోయిన కాసేపటికి ఫైసల్ నుంచి ఫోను వచ్చింది.

"ఖలాస్, బద్ర్. ఇప్పుడే. నిద్రలోనే పోయారు."

లింబాద్రి చీపురు గోడకు ఆనించాడు. ఫైసల్ మళ్లీ అందుకున్నాడు.

"చేతులు కట్టలేదు, అది నీకు చెబుదామనే ముందు చేశాను. నేను కొడుకునై చెయ్యనిది నువ్వు చేశావు. ఏడు నెలలు ఒక్క కాగితంలో వంక లేదు. అది నీ చేతి చలవే."

"కాదు అర్బాబ్!" ఈసారి మాట బయటికి వచ్చింది. "నా వల్ల పోయిండు. నా చేతులతోనే. నేనే గోళీలు..."

"అట్లా అనకు" అన్నాడు ఫైసల్ మెత్తగా. "ప్రేమ ఉన్నవాళ్లందరికీ ఇవాళ అట్లాగే అనిపిస్తుంది. దేవుడి పని, నీదీ కాదు, నాదీ కాదు. ఇంటికి జనం వస్తారు, చాయ్ పెట్టి ఉంచు." ఎవరో పిలిచారు, ఫోను ఆగిపోయింది.

నేరం ఒప్పుకుంటే తిడతారని, కొడతారని, పంపించేస్తారని అనుకున్నాడు. నమ్మరని అనుకోలేదు. ఇక ఈ జన్మకు ఈ ఇంట్లో ఈ మాట వినేవాళ్లు లేరని తెలిసిపోయింది. ఖాళీ మంచం వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లి లైటు వేశాడు. పెద్ద చాయ్ గిన్నె కోసం చెయ్యి చాపి, అక్కడే ఆగిపోయాడు.

గట్టు మీద స్టీలు గిన్నెలో, మూత కింద, మంగళవారం కోసం పొద్దున పోసిన బార్లీ గింజలు నీళ్లన్నీ పీల్చుకుని ఉబ్బి ఉన్నాయి.