రేడియేటర్లో రాగిపిండి

కుట్టుమిషను కొనుక్కొస్తానని పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరిన ఖాసిం వలి, సాయంత్రానికి కారు తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడనడం కూడా తప్పే. కారుకు ముందు రెండెద్దులు కట్టి ఉన్నాయి. ఎద్దుల పక్కన ఖాసిం వలి నడుస్తున్నాడు. కారులో దర్జాగా కూర్చున్నది ఒక కోడిపెట్ట.

వాళ్లుండే కర్నూల్లోనే కాలువల ఇంజనీరు దొర ఒకాయన ఉద్యోగం చాలించి తన దేశానికి ఓడెక్కబోతూ బంగళాలో సామాన్లన్నీ వేలం వేయించాడు. అందులో మంచి కుట్టుమిషను ఉందని తెలిసి షంషాద్ బీయే మొగుణ్ణి పంపింది. పాత మిషను తొక్కీ తొక్కీ ఆయన మోకాళ్లు అరిగిపోతున్నాయని ఆమె బాధ.

"మిషను యాడ?" అని అడిగింది గడపలో నిలబడి.

"దాన్ని ఎవురో ఎక్కువ పాడి తీసుకపోయినారు."

"అందుకని దీన్ని తెచ్చినావా?"

"దీన్ని ఎవురూ పాడలేదు మే."

పాడతారా మరి. ఒకప్పుడు అది రేసు కారు. పొడుగాటి ముక్కు, పడవలా సన్నబడిన తోక, కూర్చోవడానికి రెండంటే రెండే సీట్లు. దొర కుర్రతనంలో దాంట్లో పందేలకు పోయేవాడట. ఇప్పుడు ఎర్రరంగు పెచ్చులూడింది, ఇంజను బిగుసుకుపోయింది, రెండు వానాకాలాలుగా బంగళా వెనక కోళ్లకు గూడుగా ఉంది. ఆ కోళ్లలో ఒకటి ఇల్లు వదలనని మొండికేసి కారుతో పాటే వచ్చింది.

ఖాసిం వలి దర్జీ. ఇంజన్ల గురించి ఆయనకు తెలిసింది గుండుసున్నా. కానీ పాత కోటును కుట్లు విప్పి, బట్ట తిరగేసి, మళ్లీ కొత్తదానిలా కుట్టడంలో ఆయనకు పేరుంది. ఇంజనైనా అంతే కదా అనుకున్నాడు. మనిషి విప్పినదాన్ని మనిషి కుట్టలేడా? వాకిట్లో తెల్ల దుప్పటి పరిచాడు. ఒక్కో నట్టూ విప్పి, కోటు ముక్కలకు గీసినట్టే సుద్దతో గుర్తులు పెట్టి, విప్పిన వరసలోనే దుప్పటి మీద పేర్చాడు. తుప్పు పట్టినవాటిని కిరసనాయిల్లో నానేశాడు. ఇంజను ముక్కల మధ్య బిగించే గ్యాస్కెట్లు పాడైతే దళసరి అట్టను కత్తెరతో కత్తిరించి నూనెలో ముంచి వేశాడు. ఫ్యాను బెల్టు తెగితే తోలు తెచ్చి మైనం పట్టించిన దారంతో కుట్టాడు. మళ్లీ బిగించాక దుప్పటి మీద రెండు నట్లు మిగిలితే మొత్తం విప్పి మొదటికొచ్చాడు. ఊళ్లో వాళ్లు వచ్చి చూసి నవ్వి పోయేవాళ్లు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుండాది" అన్నారు. ఆయన పట్టించుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

రెండేళ్లకు ఒకరోజు కారు ముందున్న హ్యాండిల్ తిప్పితే ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆ తర్వాత నిజంగానే పలికింది. కోడిపెట్ట అరుచుకుంటూ గోడెక్కింది. కానీ బండి వీధి చివరిదాకా పోవడం, ఎద్దులు కట్టి వెనక్కి తేవడం, ఇదే వరస. పక్కవీధి సుంకప్ప ఎద్దులు అందుకే ఉన్నట్టయ్యాయి.

షంషాద్ బీకి ఆ కారంటే గిట్టేది కాదు. డబ్బు పోయిందని కాదు, నలుగురూ నవ్వుతున్నారనీ కాదు. ఒక్కగానొక్క కూతురు మదార్ బీ పెళ్లయి రాజంపేట వెళ్లిపోయాక ఇంట్లో మిగిలిందే ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడు చూసినా కారు కిందే. చల్లారిన అన్నం ముందు కూర్చుని, కారు కిందినుంచి బయటికి చాచిన రెండు కాళ్లతో ఎంతకాలమని మాట్లాడుతుంది? కారు మీద అసూయ పడుతున్నానని ఆమెకూ తెలుసు. తెలిసి ఇంకా మండిపోయేది.

సుంకప్పకు నది ఒడ్డున కూరగాయల తోట ఉంది. కారు ఇంజను తీసి తోటకు నీళ్లు తోడించాలని ఆయన ఆశ. "ఆ ఇంజను నాకిప్పించు షంషాదమ్మా, నీకూ పీడ పోతాది" అని చెవిలో పోరు పెట్టాడు. ఆమె ఒకరోజు తెగించి మొగుడికి చెప్పేసింది.

"ఓర్వకల్లులో మా అక్క ఇంటికి నన్ను దీంట్లో తీసుకపో. మళ్ల ఇంటికి తెచ్చి దింపు. దారిలో ఒక్కతూరి ఎద్దులు కట్టినా బండి సుంకప్పది. కట్టకుంటే నేను మళ్ల నోరెత్తను. ఒట్టెయ్యి."

ఖాసిం వలి ఒట్టేశాడు. వేసి, ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఇంజను బాగానే ఉంది, బ్రేకులు పరవాలేదు. ఇంజను వేడెక్కకుండా నీళ్లు తిరిగే రేడియేటరే కారుతోంది. బస్సు నడిపే గురుస్వామిని అడిగితే, "చిటికెడు పిండి ఎయ్యప్పా ఆ నీళ్లల్ల. అదే పోయి బొక్కలో కుచ్చుంటాది" అన్నాడు. చిటికెడు వేస్తే నిజంగానే కారడం తగ్గింది. అంతటితో ఊరుకుంటే ఖాసిం వలి ఎందుకవుతాడు? రాగిసంగటి తిని పెరిగిన చెయ్యి, దానికి చిటికెడంటే ఏం తెలుసు? ప్రయాణం నాటి పొద్దున షంషాద్ బీ నమాజులో ఉండగా వంటింట్లోకి పోయి, రెండు దోసిళ్ల రాగిపిండి తెచ్చి రేడియేటర్లో పోశాడు.

పోయేటప్పుడు బండి పువ్వులా పోయింది. పొద్దుటి చల్లగాలి, ఖాళీ రోడ్డు. కొంగు ఎగిరిపోతుంటే షంషాద్ బీ రెండు చేతులా పట్టుకుంది. నవ్వొస్తుంటే ఆపుకుంది. ఓర్వకల్లులో అక్క నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఏముండాదిలే, దీనికి దినామూ అదే పని" అని గొప్పలు కోసింది. అందరూ కడుపునిండా తిన్నారు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణం కట్టారు.

ఎండ మండిపోతోంది. ఎత్తు ఎక్కాక షంషాద్ బీ ముక్కు ఎగబీల్చింది.

"ఎవురో సంగటి కెలకతాండారు."

ఖాసిం వలి రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. చుట్టూ బండరాళ్లు తప్ప గుడిసె కూడా లేదు. ఇంతలో రేడియేటరు మూత ఎగిరి పడింది. బుస్సుమని ఆవిరి లేచింది. దాంతో పాటు నల్లటి ముద్దలు ఎగిరొచ్చి ఎదుటి అద్దానికి అతుక్కున్నాయి. బండి ఆగిపోయింది.

ఆవిరి తగ్గేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత షంషాద్ బీ దిగింది. అద్దం మీది ముద్దను వేలితో తీసి వాసన చూసింది. మొగుడి వైపు చూసింది.

"ఉప్పు మరిచినావు" అంది.

ఆయన తల దించుకుని అంతా చెప్పాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందే అని నుదురు కొట్టుకున్నాడు. ఒక తీగ ముక్క తీసి రేడియేటర్లో పొడవబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"గీకొద్దు. సంగటి కుండను గీకితే కుండ పగులుతాది. సల్లారనిచ్చి నానబెట్టల్ల. నీళ్లు తేపో."

రోడ్డు పక్క చేలో మోటబావి ఉంది. కిరసనాయిలు డబ్బాతో నీళ్లు తెచ్చి, ఇంజను చల్లారాక పోశారు. ఇక నానడమే. చెట్టన్నది లేదు గనక కారు నీడలోనే ఆనుకుని కూర్చున్నారు. రెండేళ్లలో వాళ్లిద్దరూ అలా పనేమీ లేకుండా పక్కపక్కన కూర్చున్నది లేదు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు" అంది షంషాద్ బీ. "ఈ పాడు బండిని ఏంటికి తెచ్చినావు?"

ఖాసిం వలి వేలితో నేల గీస్తూ చెప్పాడు.

"ఎన్ని కోట్లు కుట్టినాం మే మనం. ఆ కోట్లు తొడుక్కోని దొరలు ఊటీ పోయినారు, మద్రాసు పోయినారు, ఓడలెక్కినారు. నేను ఆ మిషను కాడనే ఉండా. నువ్వు నా యనకల కాజాలు కుట్టుకుంటా ఆడనే ఉండావు. మదారు పోయినంక ఇంట్లో మనమే మిగిలితిమి. ఆ పొద్దు వేలంలో దీన్ని చూస్తి. రెండే సీట్లుండాయి. ఇది మనకోసమే చేసినారు అనుకుంటి."

షంషాద్ బీకి తాను ఇన్నాళ్లూ కసిరిన కసుర్లన్నీ గుర్తొచ్చాయి. మొగుడి మీద జాలి, ప్రేమ, కోపం మూడూ ఒక్కసారే కలిగాయి. ముందు కోపమే బయటికొచ్చింది.

"ఆ మాట అప్పుడే చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"నడుస్తాదో లేదో. నీకు ఆశ పెట్టి, అది నడవకుంటే ఎట్ల?"

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆయన చేతికంటిన నల్ల జిడ్డును తన కొంగుతో తుడిచింది. పోదని తెలుసు. అయినా తుడుస్తూనే ఉంది.

రేడియేటరు కింది బిరడా తిప్పితే ఉబ్బిన ముద్దలు ఒక్కొక్కటే జారాయి. నీళ్లు పోశారు, వదిలారు, మళ్లీ పోశారు. ఎట్టకేలకు తేటనీళ్లు వచ్చాయి. వాటితో పాటు పాత చిల్లు కూడా తెరుచుకుంది. అడుగున ధార కడుతోంది. పొద్దు పడమరకు వాలింది.

అప్పుడొచ్చింది తెలిసిన బండివాడు బసవన్న ఎద్దులబండి. వేరుశనక్కాయ మూటలు దింపేసి ఖాళీగా కర్నూలుకు పోతున్నాడు.

"ఏమప్పా ఖాసిమన్నా, నిలబడిపాయనా? ఎద్దులు కట్టమంటావా?"

ఖాసిం వలి కారును చూశాడు. వాలుతున్న పొద్దును చూశాడు. అలిసిపోయి కారుకు చేరగిలబడిన పెళ్లాన్ని చూశాడు. నిర్మానుష్యమైన దారి, చీకటి పడితే ఆమె ఎక్కడ తల దాచుకుంటుంది? బండి పోతే పోయింది. రెండేళ్ల కష్టం కళ్లముందు తిరిగింది.

"కట్టు బసవన్నా" అన్నాడు. తానే పోయి బసవన్న బండిలోంచి పగ్గం తీసి కారు ముక్కుకు ముడెయ్యబోయాడు.

షంషాద్ బీ లేచొచ్చి ఆ పగ్గం లాక్కుంది.

"వద్దు."

"పొద్దు మునగతాండాది మే. నువ్వు ఈ దారిలో ఎట్ల..."

"నాకేమయితాది? నువ్వుండావు గదా." ఆమె పగ్గం చుట్టి బసవన్న చేతిలో పెట్టింది. "మా బండికేమీ కాలేదన్నా. నానతాండాది. నువ్వు పో."

కారు నానడమేమిటో బసవన్నకు అర్థం కాలేదు. పెద్దమనిషి కాబట్టి అడగలేదు. ఎద్దులను అదిలించి ముందుకు పోయాడు.

"ఎద్దులు కడితే బండి సుంకప్పదని ఒట్టేస్తి గదా" అన్నాడు ఖాసిం వలి, ఆమె మొహంలోకి చూడలేక.

"అందుకే వద్దంటి. డబ్బా నిండా నీళ్లు తే. కారితే కారనీ, నేను పోస్తుంటా."

ఆయన హ్యాండిల్ తిప్పాడు. ఆమె బిస్మిల్లా అంది. ఇంజను పలికింది. నిండిన డబ్బాను షంషాద్ బీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నీళ్లు తొణికి చీరంతా తడిసింది. బావి కనపడినచోటల్లా ఆపడం, ఆమె దిగి పోయడం, మళ్లీ ఎక్కడం. మధ్యలో బసవన్న బండిని దాటుతున్నప్పుడు ఆమె మర్యాదగా చెయ్యి ఊపింది. ఎద్దులే కాస్త బెదిరాయి.

కర్నూల్లో వాళ్ల ఇంటి ముందు సుంకప్ప ఎద్దులను పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు. బండిని లాక్కుపోవాల్సిందేనని ఆయనకు అంత నమ్మకం. వీధిలో జనం కూడా పోగయ్యారు. కారు గుడగుడమంటూ వచ్చి, అడుగున ధార కార్చుకుంటూ, వాకిట్లో ఆగింది.

"దావలో ఎద్దులు కట్టినారా?" అన్నాడు సుంకప్ప.

"కట్టలేదు" అన్నాడు ఖాసిం వలి.

సుంకప్ప కారు కిందికి వంగి చూశాడు. "నీళ్లన్నీ కారిపోతాండాయి గదప్పా. ఇది ఇంకెన్నాళ్లు? షంషాదమ్మా, నువ్వన్నా చెప్పు. రేపొచ్చి ఇంజను తీసుకపోయేదా?"

"ఎట్ల తీసుకపోతావు సుంకప్పా?" అంది షంషాద్ బీ. "దీంట్లో నేను కుచ్చోనుండా. కనపడ్డంల్యా?"

ఖాసిం వలి చుట్టూ తిరిగి వచ్చి ఆమె వైపు తలుపు తీశాడు. ఆమె దిగలేదు. ఒళ్లో ఉన్న ఖాళీ డబ్బాను ఆయనకు అందించింది.

"ఇంకొక డబ్బా పట్టకరా. తుంగభద్ర కాడికి పోయొద్దాం."

ఖాసిం వలి డబ్బా తీసుకుని పెరట్లో బావి దగ్గరికి పోయాడు. తోడిన నీళ్లతో ముందు తన మొహం కడుక్కుని, ఆ తర్వాత డబ్బా నింపుకుని వచ్చాడు.