మోగని గజ్జెలు

కూతురు తప్పిపోతుందని ఆమె భయం. రోగానికీ, పెనిమిటి ఉద్యోగం ఊడిపోవడానికీ కూడా ఆమె భయపడుతుంది గానీ, అవన్నీ దీని తర్వాతే. పిల్లకి ఐదేళ్లు. చెవులు బాగానే వినిపిస్తాయి, మాటలూ వచ్చు, కానీ పిలిస్తే పలకదు. పిల్లిలా అడుగులేసుకుంటూ ఎటో పోతుంది. ఒకసారి రొట్టెల కొట్టులో దొరికింది, ఇంకోసారి పక్క భవనం లిఫ్టులో. అప్పటినుంచి కుట్టుమిషను తొక్కుతున్నా ఆమె మెడ గుమ్మం వైపే తిరిగి ఉండేది. జాకెట్ల కుట్లు వంకరపోయేవి.

"నీ కూతురివి కాళ్లు కాదే, చక్రాలు. నడుముకో తాడు కట్టుకో," అనేది అత్తగారు మంచం మీంచి.

తాడు కట్టలేదు గానీ, అంతకన్నా తెలివైన పనే చేశాననుకుంది ఆమె.

కింది అంతస్తులో సైకిళ్ల గది ఖాళీ చేయించి, ఒకావిడ సాయంత్రాలు నాట్యం నేర్పేది. పెద్ద పెద్ద వేదికల మీద ఆడి, మోకాలు మొరాయించాక ఆ భవనంలో అద్దెకు దిగిన మనిషి. భవనంలోని పిల్లలూ, వాళ్లని దిగబెట్టడానికొచ్చి తామూ నిలబడిపోయిన ఇద్దరు అమ్మమ్మలూ ఆవిడ శిష్యులు. ఆ టీచరు తన పాత గజ్జెలు తెచ్చి, కొత్త పట్టీలకు కుట్టిపెట్టమంది.

"సరదాకి ఎవరి కాళ్లకీ చుట్టకు. అడుగు కుదిరాక నేనే కళ్లకద్దుకుని కడతాను," అని మరీ చెప్పింది.

ఆమె బుద్ధిగా తలూపింది. టీచరు మెట్లు దిగిందో లేదో, ఒక జత తీసి కూతురి కాళ్లకు బిగించింది.

ప్రాణం లేచొచ్చింది. ఘల్లుమంటే వంటింట్లో ఉంది, గలగలమంటే వసారాలో ఉంది. తలుపు దగ్గర మోగితే పరుగున పోయి, పిల్లని చంకనేసుకుని వచ్చేది. కుట్లు తిన్నగా పడ్డాయి.

ఒక మధ్యాహ్నం చప్పుడు ఆగిపోయింది. నిద్రపోయిందనుకుని చూస్తే పక్క ఖాళీ. అత్తగారి మంచం కింద లేదు, స్నానాల గదిలో లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లన్నీ దిగింది.

పిల్ల నాట్యం గదిలోనే ఉంది. కాళ్లకు గజ్జెలతో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తోంది. ఒక్క మువ్వా మోగడం లేదు. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"తప్పయిపోయిందండీ టీచరుగారూ. మీరు వద్దన్నా నేనే కట్టాను."

"తిట్టడానికి తర్వాత బోలెడు టైముంది, ముందు ఇది చూడు. మువ్వ మోగకుండా నడవడానికి నా అరికాళ్లు అరిగిపోయాయి. ఎవరు నేర్పారే నీకు?"

పిలిస్తే పలకని పిల్ల ఆ ప్రశ్నకు మాత్రం పలికింది. "మోగితే అమ్మొస్తుంది."



టీచరు గజ్జెలు విప్పి కళ్లకద్దుకుంది. "రోజూ పంపించు. ఇది నా దగ్గరుండాల్సిన పిల్ల."

"పంపిస్తే గొళ్లెం పెడతారా?"

"నాట్యం గదికి గొళ్లెమేంటమ్మా?"

"మీరేమో కళ్లు మూసుకుని పాడతారాయె."

టీచరు నవ్వింది. "ఇకమీదట తెరిచే పాడతాలే. కానీ నువ్వు గుమ్మం దగ్గర నిలబడకూడదు. నిన్ను చూస్తే దాని కాలు బిగుసుకుపోతుంది."

ఒప్పుకోక తప్పలేదు. కాలు తన సొంతమైన చోటు దొరికితే పిల్ల వేరే చోట్లు వెతుక్కోదని టీచరు అంది. నిజమే కావచ్చు. కాకపోతే?

ఇప్పుడు సాయంత్రమైంది. పిల్ల కిందికి వెళ్లింది. టీచరు తాళం వేసే తట్టుకర్ర దెబ్బలు పైదాకా వినిపిస్తున్నాయి, వాటితోపాటు బోలెడు కాళ్లు. అందులో తన పిల్లవి ఏవో తల్లికి తెలియడం లేదు. మిషను తొక్కుతుంది, ఆపుతుంది, చెవి రిక్కిస్తుంది, మళ్లీ తొక్కుతుంది. మాటిచ్చింది కాబట్టి లేవలేదు.

మీరు ఆ మెట్ల మీదుగా వెళ్లేవాళ్లయితే, పుణ్యముంటుంది, ఆ గదిలోకి ఒక్కసారి తొంగిచూడండి. వెనక వరసలో, కిటికీ పక్కన, నీలం గౌను. ఉందో లేదో పైకొచ్చి ఆ తల్లికి చెప్పండి. ఆమె పంపితే వచ్చారని మాత్రం పిల్లకి తెలియనివ్వకండి.