బానెట్ మీద నారు

మా కోడలు అంబిక కొత్త ఎస్‌యూవీ తెచ్చి వాకిట్లో నిలబెట్టిన రోజు నాకు ఒళ్ళు మండింది. బండి బాగాలేక కాదు. దానికి బదులుగా నా పాత జిప్సీ జీపును ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయాలట. మదనపల్లె షోరూం వాళ్ళు రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్తారట.

పుంగనూరు దగ్గర మాది టమాటా నారు నర్సరీ. ట్రేలలో పెంచిన నారును పొలాలకు చేర్చేది నేనే, అదీ ఆ జిప్సీలోనే. కంపెనీ దాన్ని తయారు చేయడం మానేసి ఏళ్ళయింది. అయితే ఏం? నాలాంటివాళ్ళను మాత్రం ఇప్పుడెవరు తయారు చేస్తున్నారు?

"నడుము నొప్పి, నడుము నొప్పి అని రోజూ అంటాండావు గదత్తా. రేపు రామకుప్పానికి నారు కొత్త బండిలో తీసకపోదాం. సూసినాక చెప్పు," అంది అంబిక.

సరే అన్నాను. వంకలు పెట్టడానికే ఒప్పుకున్నానని ఆ పిల్లకు తెలియదు.

రామకుప్పం దగ్గర కొండప్ప టమాటా తోటను ఏనుగులు తొక్కేశాయి. మళ్ళీ నాటుకోవాలని నారు అడిగాడు. పొద్దున్నే వెనక సీట్లు మడిచి, పాత దుప్పటి పరిచి ట్రేలు సర్దాం. అంబిక తోలుతుంటే నేను పక్కన కూర్చుని వంకలు వెతకడం మొదలుపెట్టాను. పలమనేరు వచ్చినా ఒక్కటీ దొరకలేదు. జిప్సీలో అయితే ఈపాటికి ప్రతి గుంతకూ ఒక దేవుణ్ణి తలుచుకునేదాన్ని. ఇందులో కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నాను. అందుకే మరీ కోపం వచ్చింది.

ముందున్న లారీకి కాస్త దగ్గరైతే చాలు, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వచ్చి కుయ్ కుయ్‌మంటోంది.

"యాల అరుస్తాండాది?"

"ముందర బండి ఉండాదని చెప్తాండాదత్తా."

"మనకు కండ్లు లేవా?" అన్నాను. వంక దొరికిందని సంతోషపడేలోపే నిద్ర పట్టేసింది. వి.కోట ఎప్పుడు దాటామో కూడా తెలియదు.

కొండప్ప చేను దారి వానకు బురదబురదగా ఉంది. కొత్త బండి చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరిగాయి. అంబిక ఎలాగో వెనక్కి తీసి గట్టున ఆపింది. నాకు లోపల్లోపల ఎంత ఆనందమో.

"మన జిప్సీ అయితే నేరుగా చేలోకే పోయేది," అన్నాను, ఎవరూ అడగకపోయినా.

కొండప్ప, అతని భార్య కుప్పమ్మ చేలోంచి నడిచి వచ్చారు. నారు ఇవ్వడంలో మాకొక పద్ధతి ఉంది. మొదటి ట్రేను బండి బానెట్ మీద పెడతాం. రైతు ఒక మొక్క పీకి, వేరు తెల్లగా ఉందో లేదో చూసుకుని సరే అంటేనే మిగతావి దించుతాం. జిప్సీ బానెట్ పీటలా చదునుగా ఉంటుంది. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకుంటుందా? ట్రే తీసుకెళ్ళి కొత్త బండి బానెట్ మీద పెట్టేశాను. అది జర్రున జారింది. పట్టుకోబోయి ఇంకా గట్టిగా అదిమాను. ట్రే అడుగున అంటుకున్న ఇసుక తెల్ల రంగు మీద మూరెడు గీత గీసింది.

అంబిక కుప్పంలో పాఠాలు చెప్పుకుంటూ, ఎన్నాళ్ళనుంచో ఆశపడి కొనుక్కున్న బండి అది.

"సూసుకోలేదమ్మా," అన్నాను.

కిందపడబోయిన ట్రేను ఒడిసి పట్టుకున్న కుప్పమ్మ అడిగేసింది. "నీ బండి యాడక్కా? ఇంక నారు యాడ పెట్టుకొని సూసేది?"

"ఈ సాయంత్రం ఇచ్చేస్తాండామమ్మా," అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

బండి పోదు కాబట్టి ట్రేలు మోసుకెళ్ళాల్సి వచ్చింది. కొండప్ప, కుప్పమ్మ నెత్తిన పెట్టుకుని బయలుదేరారు. అంబిక చెప్పులు విడిచి, తనూ ఒక ట్రే ఎత్తుకుని బురదలోకి దిగింది. తిరిగొచ్చేసరికి మోకాళ్ళదాకా బురద, చెవి దగ్గర ఫోను.

"షోరూంకు చెప్పేసినానత్తా. జిప్సీ ఇచ్చేది లేదని. ఇంకా కొన్ని అప్పు కంతులు ఎక్కువ కట్టుకుంటాం, అంతే గదా."

"మరి నా నడుము?"

"నువ్వు దీంట్లో రా. జిప్సీ నేను తోల్తా. నాకు నేర్పియ్యి."

ఆ స్టీరింగ్ నేను ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. నా కొడుక్కి కూడా. అంబిక కాళ్ళకున్న బురద చూశాను.

"క్లచ్ మెల్లగా ఇడవాల," అన్నాను.

ఆ నెలలోనే కుప్పం వైపు నుంచి నారుకు ఆర్డరు వచ్చింది. ముందు జిప్సీలో నారు, అంబిక. వెనక ఏసీ వేసుకుని, కొత్త బండి తోలుకుంటూ నేను. గేరు మార్చినప్పుడల్లా జిప్సీ ఒక్క కుదుపు కుదిపి పోతోంది. నేను అద్దాలన్నీ మూసుకుని హాయిగా తిడుతున్నాను. ఎట్లా తోలుతోందో చూద్దామని కొంచెం దగ్గరకు పోయాను. కుయ్ కుయ్. ముందర బండి ఉందట.

"తెలుసులేవే, మా కోడలు ఉండాది ఆడ," అన్నాను దానితో.