ఖాళీగా పైకొచ్చిన చెక్‌ట్రే

నేను ఒక చెక్‌ట్రేని. రొయ్యల చెరువు ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను: ఇనుప చట్రానికి సన్నవల బిగించి, తాడు కట్టి చెరువు అడుక్కి దించే పళ్ళేన్ని. చెరువంతా మేత చల్లాక నాలోనూ ఒక గుప్పెడు వేస్తారు. కాసేపాగి పైకి లాగి చూస్తారు. నేను ఖాళీగా వస్తే రొయ్యలు తిన్నట్టు, మేత మిగిలితే తిననట్టు. అంటే నా పుట్టుకే అనుమానం కోసం. భీమవరంలో నన్ను వెల్డింగ్ చేసినవాడు కూడా అతుకుల్ని తట్టితట్టి చూశాడు. తన చేతిపని మీద తనకే నమ్మకం లేదు పాపం.

నన్ను కొన్న ముత్యాలరావుగారికి కాలువ పక్కన ఒక చెరువుంది. ఆయన దృష్టిలో చెరువంటే రొయ్యలే. అడుగున కూర్చునే నాకు మాత్రం అలా కనిపించలేదు. ఎండ పడితే నీళ్ళలో పచ్చటి నాచు పుడుతుంది. దాన్ని కంటికి ఆనని పురుగులు తింటాయి, వాటిని రొయ్యపిల్లలు తింటాయి. వాటి రెట్ట బురదలో కలిసి మళ్ళీ నాచుకే ఎరువవుతుంది. ఎండకీ, నీళ్ళకీ, ఉప్పుకీ, బురదకీ నాలాగే ప్రాణం లేదు. అయినా మేం లేకపోతే ప్రాణమున్నవేవీ బతకవు. బురద కుళ్ళిందంటే నీళ్ళలో గాలి తగ్గి రొయ్యలు ఉక్కిరిబిక్కిరవుతాయి. అక్కడ ఏ ఒక్కటీ విడిగా బతికేది కాదు.

గట్టు మీద పాకలో కాపలా ఉండే ఇమ్మానుయేలు, అతని భార్య కరుణమ్మ కూడా ఆ చెరువు మీద బతికేవాళ్ళే.

ఒక పంటకి చెరువులో నీళ్ళు పెట్టేటప్పుడు ముత్యాలరావుగారికి పక్క చెరువు బుల్లిరాజు మీద అనుమానం వచ్చింది. కాలువలోకి ఉప్పునీరు పోటెత్తగానే అందరూ ఒకేసారి మోటార్లు వేస్తారు. తన గొట్టానికి కట్టిన సన్నవల సంచి వల్ల ధార సన్నగా పడుతోందనీ, ఈలోగా బుల్లిరాజు నీళ్ళన్నీ లాగేసుకుంటాడనీ ఆయన తెగ మథనపడ్డాడు. ఆ సంచి ఉండేదే కాలువ చేపల గుడ్లు లోపలికి రాకుండా. ఇమ్మానుయేలు వద్దంటున్నా వినకుండా ఆయనే స్వయంగా దాన్ని ఊడదీసి గట్టు మీద పారేశాడు. నీళ్ళు బాగా పడ్డాయి. వాటితోపాటు ఏం పడ్డాయో నాకు త్వరలోనే తెలిసింది.

కాలువ చేపపిల్లలు నా చుట్టూ మూగాయి. మేత దిగడమే ఆలస్యం, రొయ్య మీసం తగలకముందే ఊడ్చేసేవి. విసురు వల నీడ పడితే చాలు, తుర్రుమనేవి. నేనేమో శుభ్రంగా పైకి వచ్చేదాన్ని. ముత్యాలరావుగారు మురిసిపోయి మేత పెంచమనేవాడు. ఇమ్మానుయేలు పెంచేవాడు. విసురు వలలో చూస్తే రొయ్యలు పుల్లల్లా ఉండేవి.

బస్తాల్లో మేత తగ్గుతోంది, రొయ్య పెరగడం లేదు. మరి మేత ఏమవుతోంది? ఆయన నన్నడిగితే చెప్పేదాన్ని. నన్ను ఎత్తి చూసుకుని, ఇమ్మానుయేలు ట్రేలో మాత్రమే మేత వేసి మిగిలిన బస్తాలు అమ్ముకుంటున్నాడని తేల్చేశాడు. వంతెన దగ్గర టీకొట్టు ముందు పదిమందిలో దొంగ అన్నాడు. ఇమ్మానుయేలు తల దించుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని అక్కడెవరో నవ్వారు. ఆ సాయంత్రమే భార్యాభర్తలు పాక ఖాళీ చేశారు.

తర్వాత ముత్యాలరావుగారు తన చేత్తోనే మేత చల్లాడు, కసికొద్దీ ఇంకాస్త ఎక్కువే చల్లాడు. చెరువు నలుమూలలా పడిన మేతంతా చేపలూ తినలేక, రొయ్యలూ తినలేక అడుగున కుళ్ళింది. బురద నల్లబడి కంపు కొట్టింది. ఒక తెల్లవారుజామున రొయ్యలు గాలి కోసం నీటిపైకి తేలాయి. బుల్లిరాజే ఏదో కలిపి ఉంటాడని ఆయనకు మళ్ళీ అనుమానం. ఉన్నవాటినైనా దక్కించుకుందామని హడావిడిగా నీళ్ళు తోడించి రొయ్యల పట్టుబడి పెట్టించాడు.

వల లాగే కూలీల్లో కరుణమ్మ కూడా వచ్చింది. నీళ్ళు తగ్గేకొద్దీ రొయ్యలకన్నా ముందు అరచేతులంతేసి కాలువ చేపలు గంతులేశాయి. అందరూ గట్టు మీద పడున్న సంచివైపు, తర్వాత ముత్యాలరావుగారి మొహంవైపు చూశారు. కరుణమ్మ వల వదిలేసి ఆయన దగ్గరికి వచ్చింది.

"మేత ఎవరు తిన్నారో చూశారు కదండీ అయ్యగారూ. మా ఆయన్ని ఏ చెరువు మీదా పెట్టుకోట్లేదండి. టీకొట్టు కాడికొచ్చి ఆయన దొంగ కాదని ఓ మాట చెప్పండి, చాలు."

"అన్న మాట నేనే కాదంటే రేపు నా మాటెవడు వింటాడమ్మా?" అన్నాడాయన. ఆ పైన, కూరకి నాలుగు చేపలు ఎక్కువ పట్టుకెళ్ళమన్నాడు.

పట్టుబడినాడు కూలీలకి కూరకివ్వడం మా వైపు ఆనవాయితీ. ఆ రోజు అందరూ తీసుకున్నారు. కరుణమ్మ తన వాటా చేపల్ని గట్టు మీదున్న నాలో దించేసి, కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను మోటారు షెడ్డు వెనక తుప్పుపట్టిన ఇనుములో పడి ఉన్నాను. చెరువుకి కొత్త కాపలావాడు వచ్చాడు, అతని మీదా అనుమానం మొదలైంది. గొట్టానికి మాత్రం రెండు సంచులు కడుతున్నారట. ఇమ్మానుయేలు పేరెత్తితే టీకొట్టులో ఇంకా దొంగనే అంటారు. కాదని చెప్పాల్సినవాడు రోజూ అక్కడే టీ తాగుతాడు. చెప్పాలని తపించే నాకేమో ప్రాణం లేదు.