కండక్టరమ్మ వడపోత

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ గుసగుసలు కట్టిపెట్టి ఎవరి నోటికి వాళ్లు తాళం వేసుకోండి. ఇది గొంతున్న మనిషి కథ, మధ్యలో మీ గొంతులొద్దు.

మా కండక్టరమ్మ "రైట్" అని అరిచిందంటే ఆవిడ బస్సే కాదు, పక్క డిపోలో చక్రాలు విప్పి పడేసిన బస్సు కూడా రెండడుగులు కదిలేది. అంత గొంతూ ఇంటి గుమ్మంలోకి రాగానే ఎటు పోయేదో! పొద్దున్నే కాఫీ వడకడుతుంటే "అడుగున మడ్డి" అనేది అత్తగారు. "ఊరందరికీ టిక్కెట్లు కొడతావు, ఒక్క కప్పు కాఫీ కుదరదేం" అనేవాడు మొగుడు. ఆవిడ కాఫీ వడపోత గిన్నె కడుక్కుంటూ ఊరుకునేది. అత్తగారి విసుగు కొడుకు దాకా, కొడుకు కోపం తల్లి దాకా పోకుండా అన్నీ మధ్యలో ఈవిడ దగ్గరే ఆగిపోయేవి.

దగ్గు పట్టుకుంది. "రోడ్డు దుమ్ము" అన్నాడు మొగుడు. "పని ఎగ్గొట్టే దగ్గు" అంది అత్తగారు. చివరికి డిపోవాళ్లు చేయించిన పరీక్షలో ఊపిరితిత్తిలో రేగుపండంత కాన్సరు గడ్డ బయటపడింది. ఇంకా తొలి దశే, కోసి తీసేయొచ్చన్నారు.

ఆపరేషనుకి ముందురోజు డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది. "గడ్డ ఉన్న భాగంతో పాటు చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు కూడా తీస్తామమ్మా. చిక్కుడు గింజల్లా ఉంటాయి. ఒంట్లో మురికిని పట్టి ఆపే వడపోతలు. జబ్బు పాకిందో లేదో వాటిని పరీక్షిస్తేగానీ తెలీదు."

"అవెందుకు మేడం?" అన్నాడు మొగుడు. "గడ్డొక్కటీ తీసి పంపించండి. కోత తక్కువైతే త్వరగా లేస్తుంది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, వంటకి ఇబ్బంది."

కోపంగా అన్నా బాగుండేది. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నాడు. ఇన్నేళ్లు ఒకే కంచం దగ్గర కూర్చున్న మనిషి ఆవిడ ఊపిరికీ ఆవిడ వంటకీ తూకం వేసి, వంట వైపు మొగ్గాడు. ఆ సంగతి ఆయనకే తెలీదు.

"తీయండి డాక్టరమ్మా" అంది కండక్టరమ్మ. "ఒళ్లు నాది. సంతకం నేనే పెడతా."

ఆపరేషనయ్యాక, తీసిన గ్రంథుల్లో ఒకదాంట్లో జబ్బు దొరికింది. తీశారు కాబట్టి తెలిసింది, ఇక మందులు ఎక్కించాలన్నారు. ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది, ఏమైనా అంటాడేమోనని.

"ఇంకా ఎన్నాళ్లు?" అన్నాడాయన.

ఆ పూట ఆవిడ గోడవైపు తిరిగి ఏడ్చింది. తన కోసం కాదు, ఆ గింజ కోసం. ఎవరి కంటా పడకుండా ఒక మూల కూర్చుని, వచ్చిన విషాన్నంతా ముందుకి పోనీకుండా పట్టుకుని, పట్టుకుని, చివరికి తనే చెడిపోయింది పిచ్చిది. ఎలా ఉన్నావే అని దాన్ని ఎవరడిగారు?

ఇంటికొచ్చాక చూడ్డానికి జనం వచ్చారు. మొగుడు కుర్చీ ముందుకి లాక్కుని, "డాక్టరు వద్దంటున్నా నేనే పట్టుబట్టి ఆ గ్రంథులు తీయించా. లేకపోతే మనిషి దక్కేదా?" అన్నాడు. "భర్తంటే నువ్వయ్యా!" అన్నారంతా.

కండక్టరమ్మ కోత పెట్టిన పక్కని చేత్తో పట్టుకుని లేచింది. ఆస్పత్రి సంచీ ఇంకా విప్పనేలేదు, అదే భుజాన వేసుకుంది.

"మా అక్క ఇంటికి పోతున్నా. మందులు అక్కణ్ణుంచే ఎక్కించుకుంటా. ఇకమీద మీ అమ్మ మాట నువ్వు విను, నీ మాట మీ అమ్మ వింటుంది. నా దగ్గర ఏదీ ఆగదు."

బస్సుల్ని కదిలించిన గొంతు కాదది. గాలి దిగిపోతున్న టైరులా సన్నగా, ఈలలా వచ్చింది. అయినా గదిలో ఒక్కరికీ వినపడకపోలేదు. మొగుడు కుర్చీ అంచు పట్టుకున్నాడు. చూడ్డానికొచ్చిన వాళ్లలో పై వాటా పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ తల్లీ, ఇంతకీ ఆ కాఫీ ఎవరు వడకడతారు?"